ఊపిరి తీసుకోని పెట్టె

జూన్ 9, సోమవారం

నాకు చదువు లేదు. ఉన్నవాళ్ళు పొడిచిందేమిటో చూశాను కాబట్టి ఆ బెంగా లేదు. ఈ ఫోనులో మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడితే అదే రాసుకుంటుందని, తారీఖు కూడా అదే వేసుకుంటుందని నా కూతురు నేర్పింది. పూటపూటా మందులు వేసుకున్నదీ లేనిదీ చెప్పడానికి నేర్పింది. మందుల సంగతి తర్వాత. ముందు నా కేసు నేను చెప్పుకోవాలి. ఈ ఇంట్లో అందరూ జడ్జీలే, నా తరఫున ఒక్క ప్లీడరు లేడు.

నేను చెల్లెల్ని పొమ్మనలేదు.

ఇది మొదట రాసుకో. పొమ్మనలేదు. నిలబడటానికి చోటు లేదన్నాను. హోటలు వాళ్ళు భోజనాల హాల్లో మాకిచ్చిన మూల ఎంత? రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులో ఒక పక్క అల్లుడి కీబోర్డు, దాని స్టాండు, ఇంకో పక్క స్పీకరు, కాళ్ళ కింద పాముల్లా వైర్లు. మధ్యలో ఇద్దరు ముసలివాళ్ళం చెరో మైకు పట్టుకుని నిలబడితే పాట పాడటానికి వచ్చినట్టుండదు, బస్సు కోసం కాచుకున్నట్టుంటుంది. అదే అన్నాను. అది మైకును స్టాండుకు తగిలించి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళమన్నానా?

పాటకు ముందు గొంతు నాది, వెనక గొంతు దానిది. మా ఆయన బతికున్నప్పటి నుంచీ అంతే. ఆయన అకార్డియన్ మెడకు తగిలించుకుని వాయించేవాడు, నేను ఎత్తుకునేదాన్ని, అది నా వెనకాల రెండు మెట్లు పైన సన్నగా పట్టుకుని వచ్చేది. పెళ్ళిళ్ళు, క్లబ్బులు, హోటళ్ళు. ఆయన పోయాక అల్లుడి కీబోర్డు వచ్చింది. అది ఒట్టి కీబోర్డు కాదు. ఎడమ చేత్తో మూడు మెట్లు అదిమితే చాలు, డ్రమ్ములు, గిటారు, వయొలిన్లు వాటంతటవే లేచి కూర్చుంటాయి. అన్నం అడగని పదిమంది వాద్యగాళ్ళు.

పోయిన నెలలో అల్లుడు ఇంకో పెట్టె తెచ్చాడు. హార్మొనైజరట. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. నా మైకు వైరు దాంట్లోకి పోతుంది. కీబోర్డు నుంచి ఇంకో వైరు దాంట్లోకి పోతుంది. అల్లుడి ఎడమ చెయ్యి ఏ మెట్లు పట్టిందో చూసుకుని నా గొంతుకు పైన ఒక గొంతు, కింద ఒక గొంతు అల్లుతుంది. కాలితో ఒకసారి తొక్కితే వస్తాయి, ఇంకోసారి తొక్కితే పోతాయి. నాలాంటివాళ్ళు ముగ్గురు! చెల్లెలు నలభై ఏళ్ళు చేసిన పని నా కాలి బొటనవేలి కింద.

పైగా చెల్లెలికో జబ్బుంది. పై చరణం ఎత్తుకునే ముందు హుక్కుమని ఊపిరి లాగుతుంది, మైకులో వినపడేలా, బావిలో దూకబోయేదానిలా. చిన్నప్పుడు మా అమ్మ వీపు మీద ఎన్ని చరిచినా పోలేదు. నేను ఎన్ని తిట్టినా పోలేదు. పెట్టెలో నాకు నచ్చింది అదే. పెట్టె ఊపిరి తీసుకోదు.

జూన్ 10, మంగళవారం

మందులు వేసుకున్నాను. పొమ్మనలేదు.

జూన్ 15, ఆదివారం

చెల్లెలు లేకుండా మొదటి కచేరీ. మధ్యాహ్నం భోజనాలవేళ హాలు నిండింది. వెన్నెల పాట ఎత్తుకుని పెడల్ తొక్కాను. రెండు వరుసలు బంగారంలా వచ్చాయి. మూడో వరుసలో పెట్టెకు పిచ్చెక్కింది. పై గొంతు కోడిపిల్లలా కీచుమంది, కింద గొంతు ఇటు ఒక మెట్టు, అటు ఒక మెట్టు గెంతడం మొదలుపెట్టింది. తాగి ఇంటికొచ్చిన మొగుడు మెట్లెక్కుతున్నట్టుంది. తినేవాళ్ళు చెంచాలు ఆపి చూశారు. ఒక బల్ల దగ్గర నవ్వారు కూడా.

వ్యానులో సామాను ఎక్కిస్తూ అడిగాను.

"ఏం నాయనా, నీ ఎడమ చెయ్యి ఎటు పోయింది?"

"నా చెయ్యి సరిగానే ఉంది అత్తయ్యా. మీ స్వరమే నిలబడలేదు. రెండు మెట్ల మధ్య ఊగితే ఎటు పోవాలో పెట్టెకు తెలియదు. అది మీ వెనకాలే వస్తుంది. మీరు జారితే అదీ జారుతుంది."

"నేను జారానా? నువ్వు పుట్టకముందు నుంచి పాడుతున్నాను."

"అదేనండీ నేను చెప్పేది."

చూశావా నోరు? అల్లుడు మాట మీరడు, గొంతు పెంచడు. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటాడు. ఆ చొక్కా జేబులోనే బ్లేడు ఉంటుంది. వ్యాను ముందు సీట్లో కూర్చున్న నా కూతురు కిటికీ వైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడు" అంది. నేను కన్నదే!

జూన్ 18, బుధవారం

ఇంట్లో సాధన. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక గుండీ ఉంది. నొక్కినకొద్దీ పాట మొత్తం మెట్టు మెట్టుగా దిగుతుంది. వేళ్ళు వాయించేచోటే వాయిస్తాయి, శ్రుతి మాత్రం కిందికి పోతుంది. అక్షరాలు రావు కానీ అంకెలు నాకు తెలుసు, జన్మంతా బస్సులెక్కాను. మొదట కీబోర్డు మీది చిన్న అద్దంలో అడ్డగీత పక్కన రెండు అని ఉంది. వారం తిరిగేసరికి నాలుగు.

"ఎందుకు దించావు?"

"వానాకాలం కదా అత్తయ్యా, తేమకు గొంతులు బిగుస్తాయి."

అదీ నిజమే. వానాకాలం. నేను దిగలేదు, పాట దిగింది.

జూన్ 22, ఆదివారం

మళ్ళీ గెంతింది. ఈసారి రెండు పాటల్లో. పెడల్ తీసేసి ఒంటి గొంతుతో పాడాను. చప్పట్లు కొట్టారు. తినే చేతులతో కొడితే చప్పుడెంత వస్తుంది?

ఇంటికొచ్చాక వంటింట్లో మాటలు వినపడ్డాయి. నేను చెవి పెట్టలేదు, నా చెవులు అక్కడే ఉన్నాయి.

"ఇంకెంత దించమంటావు? ఇంకో రెండు దించితే మగవాళ్ళ పాటవుతుంది."

"మెల్లగా. వింటుంది."

"వినపడితే బాగుండేది. వినపడకే ఈ బాధ."

నాకు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఎవరికి వినపడదంటున్నాడో.

జూన్ 25, బుధవారం

అసలు సంగతి ఇవాళ బయటపడింది. హోటలు యజమాని మమ్మల్ని తీసేద్దామనుకుంటున్నాడట. గోడకు పెద్ద టీవీ తగిలించి పాటలు పెడితే చాలు, వీళ్ళ సామానుకు ఒక బల్ల చోటు పోతోందన్నాడట. జులై ఇరవైన స్వయంగా కూర్చుని వింటాడు. నచ్చితే ఏడాదిపాటు మేమే. నచ్చకపోతే ఆ ఆదివారంతో సరి.

కూతురు నా కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీస్తోంది. గోళ్ళు తీస్తున్నప్పుడు ఏదో అడగబోతోందని అర్థం. కాలు లాక్కోలేను కదా.

"అమ్మా, పిన్నిని పిలుద్దామా? ఇరవయ్యో తారీఖు వరకే."

"పిలిచి?"

"ముందు పిన్ని పాడుతుంది. నువ్వు పక్కన..."

"పక్కన?"

"ఊరికే అన్నాలే అమ్మా."

"నా వెనక నిలబడి బతికింది నా పక్కకు రాలేదు, ముందుకొస్తుందా? అది ఆ మూలకు వచ్చిన రోజు నా శవాన్ని దాటుకుని రావాలి. అప్పుడైనా చోటు చాలదు, చెప్పు దానికి."

కాలి వేలు తెగింది. కావాలని కోసిందనను. అనుకోకుండా కోసిందనీ అనను.

నేను పాడకపోతే ఏం చేస్తానో నాకు తెలుసు. పక్కింటావిడను చూశాను కదా. కూతురింట్లో కిటికీ దగ్గర పీట. ఒళ్ళో పళ్ళెం. కూరగాయలు తరగడం. వచ్చేపోయేవాళ్ళు "పెద్దావిడ ఇంకా ఉన్నారా" అనడం. ఉన్నాను. మైకు పట్టుకుని ఉన్నాను. అలాగే ఉంటాను.

జూన్ 30, సోమవారం

నిన్న కచేరీ లేదు. హాలు ఎవరో పార్టీకి తీసుకున్నారు. అల్లుడు ఈ మధ్య ఇంటిపట్టున ఉండటం లేదు. పెట్టె, మైకు, తెల్ల దుప్పట్లు రెండు వ్యానులో వేసుకుని పొద్దున్నే పోతున్నాడు. పెట్టెను ఎవరో స్నేహితుడి దగ్గర సరి చేయిస్తున్నాడట. దుప్పట్లెందుకంటే, పెట్టె కుదుపులకు పాడవకుండా అన్నాడు.

మొత్తానికి నా మాట మీద గురి కుదిరింది. పెట్టెదే తప్పు.

జులై 6, ఆదివారం

ఇవాళ నేను పాడిన పాట నేను జన్మలో పాడలేదు.

పొద్దున అల్లుడు చెవిలో పెట్టుకునేవి తెచ్చాడు, చిన్న గుండీల్లాంటివి, రెండు చెవులకూ. పెద్ద గాయకులందరూ ఇవే వాడతారట. హాలు గోల వినపడదు, నా గొంతు నాకు వినపడుతుంది. పెట్టెను కూడా బాగు చేయించాడు. వెన్నెల పాట ఎత్తుకోగానే నా ఒళ్ళు ఝల్లుమంది. నా గొంతు! పాతికేళ్ళ కింద పోయిందనుకున్న గొంతు, ఎక్కడ దాక్కుందో, తేనెలో ముంచి తీసినట్టు చెవిలోకి వచ్చింది. పెడల్ తొక్కితే పైన ఒకతె, కింద ఒకతె, ముగ్గురం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం. ఒక్క చోట గెంతలేదు.

అల్లుడు కొన్ని షరతులు పెట్టాడు. తను తల ఊపినచోటే ఎత్తుకోవాలి. చరణం రెండోసారి పాడకూడదు. బల్లల దగ్గర నుంచి ఎవరైనా పాట అడిగితే నవ్వి ఊరుకోవాలి. మైకు పెదవులకు ఆనించి పట్టుకోవాలి, ముఖం సగం కప్పేలా. ఇదివరకు నేను ఒక వరుస సాగదీస్తే ఎడమ చెయ్యి ఆగి నాకోసం కాచుకునేది. ఇప్పుడు ఆగదు. నేను అందుకోవాలి. అందుకున్నాను. తొందరపెట్టేవాళ్ళు లేక బద్ధకం పట్టింది కానీ నాకు చేతకాకనా?

చప్పట్లు గుండీల్లోంచి కూడా వినపడ్డాయి. ఈసారి చెంచాలు కింద పెట్టి కొట్టారు.

జులై 7, సోమవారం

మంచి మాట నలుగురితో పంచుకోవాలంటారు. చెల్లెలికి ఫోను చేశాను.

"ఏమే, బతికున్నావా?"

"ఉన్నానక్కా."

"నిన్న రావాల్సింది. నీ పని పెట్టె చేస్తోంది. నీకన్నా శుభ్రంగా చేస్తోంది. ఆ హుక్కు గోల లేదు."

"విన్నానక్కా. బాగా పాడావట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నారులే."

"నీ గొంతేం అలా బొంగురుపోయింది? పాట మానేస్తే అంతే, తుప్పు పడుతుంది."

"అవునక్కా. తుప్పే."

కుళ్ళుకుంది. కుళ్ళుకోనీ. చిన్నప్పుడు నా గౌన్లు చిన్నవైపోతే దానికే వేసేవాళ్ళు. ఇప్పుడు నా చప్పట్లు కూడా దానికి మిగలవు.

జులై 13, ఆదివారం

ఇవాళ చిన్న సంగతి జరిగింది. చిన్నదే.

పడవ పాట మధ్యలో ఎడమ చెవి దురదపెట్టింది. అల్లుడు ముట్టుకోవద్దన్నాడు కానీ దురదకు షరతులు తెలుస్తాయా? గుండీ తీసి గోకాను. హాలు గోల ఒక్కసారిగా మీద పడింది, పళ్ళేలు, కుర్చీలు, ఎవరో దగ్గడం. ఆ గోలలో, పై చరణానికి ముందు, స్పీకరులోంచి, హుక్కుమని.

వెంటనే గుండీ పెట్టేసుకున్నాను.

పెట్టె ఊపిరి తీసుకుంది.

దిగాక అడిగాను. "రీవర్బ్ అత్తయ్యా" అన్నాడు, వైరు చుట్టుకుంటూ. అదేమిటంటే గొంతుకు గోడలు కట్టడమట. గోడలు కడితే చప్పుళ్ళు వస్తాయట. సరే. ఎవరి గోడలు వాళ్ళు కట్టుకుంటారు.

మేం బయటికొస్తుంటే ప్రతి ఆదివారం కిటికీ బల్ల దగ్గర కూర్చునే కళ్ళజోడాయన ఆపాడు. మమ్మల్ని పాతకాలం నుంచి విన్నవాడు. "అమ్మా, మీ చెల్లెలుగారు లోపల కూర్చుని పాడుతున్నారా? కనపడటం లేదు" అన్నాడు.

"అది పెట్టె బాబూ. చెల్లెలు మానేసింది."

"అలాగా" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలా మంచి పెట్టె."

మంచిదే. మందులు వేసుకున్నాను.

జులై 17, గురువారం

దొంగలు. ఇద్దరూ దొంగలు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

నేను నిద్రపోయాననుకుని పక్క గదిలో మాట్లాడుకుంటున్నారు. పట్టపగలు, అన్నాలు తిన్నాక. నేను కళ్ళు మూసుకున్నానంతే.

"యజమాని ఊఁ అంటే ఏడాదికి సరిపడా పాటలు కావాలి. పిన్ని ఒప్పుకుంటుందా?" అంది కూతురు.

"ఒప్పుకుంది. కానీ అత్తయ్యకు చెప్పాలి ఎప్పుడో ఒకప్పుడు."

"ఇరవయ్యో తారీఖు దాటనీ. ఆ రోజు గడిస్తే చాలు."

అర్థమైంది. నాకు చదువు రాకపోవచ్చు, లెక్క వచ్చు. నా గొంతుతో యజమానిని ఒప్పించి, సంతకాలయ్యాక నన్ను పీట మీద కూర్చోబెట్టి, దాన్ని తెచ్చి నా మైకు ముందు నిలబెడతారు. అత్త సొమ్ము అల్లుడి దానం.

దొంగకు తేలు కుట్టినట్టు చెయ్యాలి. ఎలాగో నాకు తెలుసు. పెట్టె గురించి అల్లుడే చెప్పాడు కదా, అది నా వెనకాలే వస్తుందని. గొంతు పోస్తేనే గొంతు అల్లుతుంది. నూలు లేకపోతే మగ్గం ఏం నేస్తుంది? ఆదివారం, యజమాని ముందు, పడవ పాట పై చరణం దగ్గర నోరు మూసేస్తాను. ముగ్గురమూ ఒకేసారి చచ్చిపోతాం. డ్రమ్ములు మాత్రం పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిట్లో మేళంలా డబడబా కొట్టుకుంటాయి. అప్పుడు అల్లుడి ఇస్త్రీ చొక్కా చెమటకు తడుస్తుంది. అప్పుడు యజమాని వైపు తిరిగి చెబుతాను: అయ్యా, ఇక్కడ పాటంటే నేను. నన్ను ఉంచుకుంటే పాట ఉంటుంది.

ఏడాది కాగితం నా పేరున రాయించుకుంటాను.

జులై 19, శనివారం

కూతురు తలకు నూనె రాసింది. ఎంత మెత్తగా రాసిందో. నా కడుపున పుట్టిన పాము.

జులై 20, ఆదివారం

మందులు వేసుకోలేదు.

జులై 21, సోమవారం

చెబుతాను. రాసుకో.

యజమాని వచ్చాడు. పొట్టిగా, పట్టు చొక్కాలో, గుండ్రటి ముఖం. మా ఎదురుగానే కూర్చున్నాడు కానీ మమ్మల్ని చూడలేదు, మాకు పక్కగా తిరిగి మేనేజరుతో ఏదో మాట్లాడుతూ వింటున్నాడు. వెన్నెల పాట అయింది. చెవిలో తేనె. పడవ పాట ఎత్తుకున్నాను. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. అల్లుడు పై చరణానికి తల ఊపాడు.

నోరు మూశాను. మైకు పెదవుల నుంచి తీసి, కిందికి దించి, యజమాని వైపు చూశాను.

చెవిలో తేనె ఆగిపోయింది. చచ్చిందే పెట్టె అనుకున్నాను. లోపల నవ్వాను కూడా. ఒకటి, రెండు వరుసలు పోయే కాలం కాచుకున్నాను, ఎవరో కుర్చీలోంచి లేస్తారని. ఎవరూ లేవలేదు. ఎవరి ముఖమూ మారలేదు. వడ్డించేవాడు వడ్డిస్తున్నాడు. యజమాని వేలితో బల్ల మీద తాళం వేస్తున్నాడు.

దేనికి తాళం వేస్తున్నాడు?

గుండీలు రెండూ పీకేశాను.

పాట నడుస్తోంది. నేను మూసిన నోటి ముందు నుంచి, నేను దించిన మైకును దాటుకుని, పై చరణం రెండో వరుస స్పీకరులోంచి వస్తోంది. ముందు గొంతు చెల్లెలిది. హుక్కుమని పీల్చి, మూడో వరుస ఎక్కింది, ఎంత సులువుగా ఎక్కిందో. దాని వెనకాల, కాస్త కింద, లావుగా ఒక గొంతు పట్టుకుని వస్తోంది. అది నా గొంతు. నేను పాడటం లేదు, నా గొంతు దాని వెనక పాడుతోంది.

అల్లుడు తల ఎత్తలేదు. ఎడమ చెయ్యి మెట్లు పడుతోంది, కుడి చెయ్యి వాయిస్తోంది. కీబోర్డు పక్కన పెన్‌డ్రైవు ఒకటి ఎర్రగా మినుకుమంటోంది. అది ఎన్నాళ్ళ నుంచి అక్కడుందో నేనెప్పుడూ చూడలేదు.

నేను నోరు మూసుకున్న సంగతి హాలు మొత్తం మీద కనిపెట్టినవాడు ఒక్కడే, కిటికీ బల్ల కళ్ళజోడాయన. నా కళ్ళలోకి చూశాడు. చూసి, తల దించుకుని పళ్ళెంలోది కెలుక్కున్నాడు. ఒకరి గుడ్డ జారినప్పుడు మర్యాదస్తులు అలాగే చేస్తారు.

చివరి వరుసకు మైకు మళ్ళీ పెదవులకు ఆనించాను. ఎందుకు ఆనించానో అడగకు.

యజమాని లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మగారూ, ఈ వయసులో ఆ గొంతేమిటండీ! అలా పాడుతూ మధ్యలో మైకు దించి చూశారే, ఏం ధీమా! ఏడాదిపాటు మీరే" అన్నాడు. చూశాడన్నమాట. చూసి కూడా.

ఇల్లు చేరాక అల్లుడు తలుపు తీసి పట్టుకుని అన్నాడు: "మైకు దించకుండా ఉండాల్సింది అత్తయ్యా."

జులై 22, మంగళవారం

చెల్లెలింటికి వెళ్ళాను. ఒక్కగదే. కిటికీకి, తలుపుకు మా తెల్ల దుప్పట్లు వేలాడుతున్నాయి, వీధి చప్పుడు లోపలికి రాకుండా. మధ్యలో కుర్చీ, దాని ముందు మైకు. అది కుర్చీలో కూర్చుని కాళ్ళకు వేడినీళ్ళ సంచీ పెట్టుకుంది. లేవలేదు.

"కూర్చో అక్కా. చోటుంది."

"ఎప్పటి నుంచే?"

"నీ చెవిలో గుండీలు పెట్టిన ఆదివారం నుంచి. నీ మైకు నీ చెవికే. హాలుకు నేను, ఆ పెన్‌డ్రైవులోంచి."

"మరి నా చెవిలో వచ్చింది?"

"నువ్వే. పెట్టె నీ స్వరాన్ని పట్టుకుని పక్క మెట్టు మీదికి లాగుతుంది, జారినప్పుడల్లా. అల్లుడు నాకు చూపించాడు. పాపం చాలా లాగాల్సి వస్తోందట."

"కింద పాడింది ఎవరు? ఆ లావు గొంతు?"

నవ్వింది. "అదీ నేనే. నా గొంతునే నాలుగు మెట్లు దించి, కాస్త మందం పెడితే నువ్వు. ఒక్క గుండీ అక్కా. ఇన్నేళ్ళూ ఏమో అనుకున్నాను."

దగ్గర ఏదుంటే అది విసిరేదాన్ని. వేడినీళ్ళ సంచీ ఒక్కటే ఉంది, అది దాని కాళ్ళ మీద ఉంది.

"అంత గొంతున్నదానివి వచ్చి నువ్వే నిలబడి పాడరాదుటే, దొంగముండా?"

"ఎందుకు? నలభై ఏళ్ళు నీ వెనక నిలబడ్డాను. మోకాళ్ళు అరిగాయి. ఇప్పుడు నువ్వు నా ముందు నిలబడు."

"నేను నిలబడను. రేపే యజమానికి చెబుతాను."

"చెప్పు. టీవీ తగిలిస్తాడు. నాకు ఈ కుర్చీ ఉంది. నువ్వెళ్ళి నీ కూతురింట్లో కూరగాయలు తరుక్కో. లేకపోతే వాళ్ళే ఇంకెవరినైనా చూసుకుంటారు. మైకు పట్టుకునే ముసలావిడే కదా కావాల్సింది, ఊరినిండా ఉన్నారు."

గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"అక్కా. నన్ను పొమ్మనలేదు కదూ నువ్వు?"

"లేదు."

"నేనూ నిన్ను పొమ్మనటం లేదు."

జులై 23, బుధవారం

పొమ్మనలేదు.

జులై 24, గురువారం

కూతురు పళ్ళెంలో చిక్కుళ్ళు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఊరికే కూర్చుంటే తోచదు కదమ్మా" అంది. నాలుగు ఈనెలు తీశాను. ఐదోదానికి చెయ్యి ఆగింది.

జులై 26, శనివారం

"అమ్మా, రేపు వస్తావా?"

"నా బట్టలు ఇస్త్రీ చెయ్యి."

జులై 27, ఆదివారం

వెళ్ళాను. మూలలో నిలబడ్డాను. కాళ్ళ కింద వైర్లు, పక్కన స్పీకరు. ఈ మధ్య చాలా చోటుంది అక్కడ.

అల్లుడు గుండీలు డబ్బాలో పెట్టేయబోయాడు. "ఇక ఇవి అక్కర్లేదులెండి అత్తయ్యా, ఊరికే మూతి కదిపితే చాలు" అన్నాడు. నేనే లాక్కుని పెట్టుకున్నాను. నా చెవులు, నా గుండీలు. మైకు వైరు పెట్టెలోకే ఉంది. పెట్టె నా చెవిలోకే ఉంది.

వెన్నెల పాటకు తల ఊపాడు. మైకును పెదవులకు ఆనించాను, ముఖం సగం కప్పేలా. మూతి కదపమన్నారు కదా. కదిపాను. వెన్నెల పాట వరుసలోనే, తాళం తప్పకుండా, అల్లుణ్ణి ఎత్తుకున్నాను. "ఒరే ఇస్త్రీ చొక్కా, నీ చేతులు పడిపోను" అని పల్లవి. నా కూతురి మీద మొదటి చరణం, దాన్ని మోసిన తొమ్మిది నెలలూ కలిపి. హోటలు యజమాని గుండ్రటి ముఖం మీద రెండో చరణం. అల్లుడు ఒక్కసారి ఉలిక్కిపడి చూశాడు. అంత దగ్గర కాబట్టి వాడికి వినపడుతుంది, ఇంకెవరికీ వినపడదు. కానీ వాడి రెండు చేతులూ మెట్ల మీద ఉన్నాయి, తీస్తే పాట ఆగుతుంది. ఇస్త్రీ నలిగింది.

పడవ పాట మొత్తం చెల్లెలికి ఇచ్చాను. ఇన్నేళ్ళుగా దాచిపెట్టినవన్నీ తీశాను. అది మా అమ్మ కడుపున పడ్డ రోజు దగ్గర నుంచి మొదలుపెట్టాను. పై చరణానికి ముందు దానికి ఊపిరి ఎక్కడొస్తుందో నాకు తెలుసు, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? అక్కడికొచ్చేసరికి నేనూ హుక్కుమని పీల్చాను. లేకపోతే మూతి కలవదు.

జనం చెంచాలు కింద పెట్టారు. కిటికీ బల్ల ఖాళీగా ఉంది. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. పోయిన వారం కన్నా ఇవాళ ఎంతో భావంతో పాడానన్నాడు.

పాడాను. నేను తిట్టిన తిట్టల్లా పెట్టె పట్టుకుని, జారినచోట మెల్లగా మెట్టు మీదికి లాగి, పైన ఒక గొంతు, కింద ఒక గొంతు అల్లి, తేనెలో ముంచి నా చెవిలో పోసింది. ముగ్గురం కలిసి తిట్టాం. ఒక్క చోట గెంతలేదు. ఇంత శ్రుతిలో నేను జన్మలో ఎవరినీ తిట్టలేదు.